మత్స్యనామాలు: ఎలమంచిలి ఎగువన, దిగువన

చేప, మీను, మత్స్యం అనే మూడు మాటల్లో ఏదో ఒకటి పేరుగా ఉన్న ఊళ్లు, ఏళ్లు, కొండలు, గుళ్లు, రాజవంశాలు, ఇంటిపేర్లు, పడవలు తెలుగునాట చాలా ఉన్నాయి. కృష్ణా జిల్లా సముద్రతీరాన మచిలీపట్నం అందరికీ తెలిసిందే. అయితే ఈ పేర్లు గుత్తులుగా ఒకేచోట కనిపించేది ఉత్తరాంధ్రలో, ఎలమంచిలికి ఉత్తరాన లేచే కొండల్లో. అక్కడ ఒక ఏటికి చేప పేరు వచ్చింది. ఆ ఏటి పేరు ఒక రాజవంశానికి, వారి తర్వాత జమీందార్ల సింహాసనానికి, ఒక మడుగుకు, ఇప్పటికీ బతికున్న ఒక ఇంటిపేరుకు, చివరికి ఒక జలవిద్యుత్ కేంద్రానికి పాకింది. ఒక పేరు ఇంత దూరం ప్రవహించిన సందర్భం అరుదు కనుక ఈ వ్యాసంలో పెద్ద భాగం దానికే.

ఎలమంచిలి పేరులో చేప లేదు. పైగా అది తానే ఇంకొక ఊరితో పేరు పంచుకునే ఊరు: పశ్చిమగోదావరి జిల్లాలో పాలకొల్లు దగ్గర మరో యలమంచిలి ఉంది, యలమంచిలి అన్న ఇంటిపేరు కోస్తా అంతటా ఉంది. ఇక్కడ చెప్పుకునేది 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని ఎలమంచిలి గురించి. అంతకుముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. హౌరా–చెన్నై రైలుమార్గం మీద అనకాపల్లికి, తునికి మధ్య ఉన్న ఈ పట్టణం ఒకప్పుడు తూర్పు చాళుక్యుల నుంచి చీలిన ఒక శాఖకు రాజధాని. ఆ ఎలమంచిలి చాళుక్యుల శాసనాలు సమీపంలోని పంచదార్ల ధర్మలింగేశ్వరాలయంలో ఉన్నాయి. వారు మైదానంలో ఉంటే, ఉత్తరాన కొండల అంచున వడ్డాదిలో మరో వంశం ఉండేది. ఆ వంశం పేరే మత్స్య.

ఒడ్డాది మత్స్యులు

వడ్డాది ఇప్పుడు బుచ్చెయ్యపేట మండలంలో బొడ్డేరు ఒడ్డున ఉన్న ఊరు. శాసనాల్లో దీనిని ఒడ్డాది, ఒడ్డవాది అన్నారు. ఇక్కడి నుంచి ఏలిన వారిని చరిత్రకారులు ఒడ్డాది మత్స్యులంటారు. వీరి గురించి ముఖ్యమైన ఆధారం దిబ్బిడి అగ్రహారంలో దొరికిన రాగిరేకులు. అర్జునుడనే మత్స్యరాజు శకవర్షం 1191లో, అంటే క్రీ.శ. 1269లో, ఇచ్చిన దానశాసనమిది. దిబ్బిడి కూడా వడ్డాదికి దగ్గరి ఊరే. సింహాచలం గుడి శాసనాల్లోనూ ఈ వంశంవారు కనిపిస్తారు.

రాగిరేకులు దానం చెప్పేముందు వంశం పుట్టుక చెబుతాయి. మత్స్యనదిలో ఒక అప్సరస చేపగా మారి ఉండగా, ఒక ముని తేజస్సువల్ల ఆమెకు కొడుకు పుట్టాడట. అతని పేరు సత్యమార్తాండుడు. ఉత్కళరాజు జయత్సేనుడు తన కూతురు ప్రభావతిని అతనికిచ్చి పెళ్లిచేసి, ఒడ్డవాది దేశాన్ని ఏలుకొమ్మని అప్పగించాడట.

ఈ కథ మహాభారతం విన్నవారికి కొత్తగా తోచదు. ఆదిపర్వంలో ఉపరిచరవసువు కథ ఉంది. అక్కడా అద్రిక అనే అప్సరస శాపవశాన యమునలో చేపయి, కవలల్ని కంటుంది. మగబిడ్డ మత్స్యరాజవుతాడు. ఆడబిడ్డ మత్స్యగంధి, అంటే సత్యవతి, వ్యాసుడి తల్లి. నన్నయ తెలుగు ఆదిపర్వంలోనూ ఈ కథ ఉంది. దిబ్బిడి శాసనం రాసిన పండితుడు ఆ అచ్చులోనే ఒక స్థానిక కథను పోసినట్టుంది. అయితే యమున బదులు తమ కొండల్లోని ఏటిని పెట్టాడు. నా దృష్టిలో ఈ మార్పే శాసనంలోని విలువైన సంగతి. పురాణకథ ఎక్కడిదైనా, ఏరు మాత్రం మాదే అని ఆ రాజులు చెప్పుకున్నారు.

విరాటుడి దేశం పేరు కూడా మత్స్యమే. పాండవులు అజ్ఞాతవాసం గడిపిన ఆ మత్స్యదేశం నేటి రాజస్థాన్‌లో జైపూర్, అల్వార్ ప్రాంతంలో ఉండేది. దాని రాజధానిగా చెప్పే బైరాట్‌ను ఇప్పుడు విరాట్‌నగర్ అంటున్నారు. 1948 మార్చి 18న అల్వార్, భరత్‌పూర్, ధోల్‌పూర్, కరౌలీ సంస్థానాలను కలిపి మత్స్య సంఘం అనే కొత్త రాష్ట్రాన్ని ఏర్పరిచినప్పుడు ఆ పాత పేరే పెట్టారు. 1949 మేలో అది రాజస్థాన్‌లో కలిసిపోయింది. తెలుగువారికి ఆ దేశం తిక్కన విరాటపర్వం ద్వారా దగ్గరైంది. వానలు పడనప్పుడు విరాటపర్వం చదివించే ఆచారం పల్లెల్లో ఉంది. కాబట్టి విశాఖ కొండల్లోని దొరలు తమది విరాటుడి మత్స్యదేశమేనని చెప్పుకుంటే ఆ రోజుల్లో జనం వెంటనే నమ్మి ఉంటారు.

మాడుగుల దొరల మీనసింహాసనం

ఆ మాట చెప్పుకున్నది మాడుగుల జమీందార్లు. వడ్డాదికి దగ్గరలోనే, కొండల పాదాన ఉన్న ఊరు మాడుగుల. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ హల్వా గుర్తుకొస్తుంది. జమీందారీ కాలంలో మాత్రం ఇది పైనున్న మన్యానికి ద్వారం.

1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ తయారుచేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో వీరి ఆచారాలు నమోదయ్యాయి. మత్స్యదేశపు రాజుల సంతతిగా పేరుపొందిన ఈ దొరలకు పట్టాభిషేకం చేప ఆకారంలో ఉన్న సింహాసనం మీద జరిగేది. జెండా మీద చేప ఉండేది. సంతకం బదులు చేపబొమ్మ గీసేవారు. వారి ఆశ్రితుల్లో కొందరు చేప ఆకారపు పోగులు చెవులకు పెట్టుకునేవారు. చేపలన్నింటినీ ఈ వంశంవారు పూజ్యంగా చూసేవారు.

రాజలాంఛనంగా చేపను ధరించినవారు వీరే కాదు. మదుర పాండ్యుల ముద్ర కూడా చేపే. వారి నాణేల మీద, గుడి కప్పుల మీద జంటచేపలు కనిపిస్తాయి. కాని సంతకం స్థానంలో చేపను గీసే అలవాటు మాడుగుల ప్రత్యేకత. రాజు తన పేరు రాయడు, తన పుట్టుకను గీస్తాడు. దస్తావేజు చేతికందిన రైతుకు అక్షరాలు రాకపోయినా ఆ గుర్తు ఎవరిదో తెలిసిపోయేది.

మత్స్యగుండం

ఈ దొరలు కాపాడిన చేపలు ఎక్కడున్నాయో చూడాలంటే ఘాట్‌రోడ్డు మీదుగా పాడేరు వెళ్లి, అక్కడి నుంచి హుకుంపేట మండలంలోని మఠం గ్రామం చేరాలి. ఇది ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. మాచేరు అనే ఏరు ఇక్కడ ఒక బండల వరుసకు అడ్డం పడి, పెద్ద బిలంలోకి దూకి మాయమవుతుంది. సుమారు 100 గజాల దిగువన మళ్లీ పైకి వస్తుంది. అది పైకి వచ్చేచోటే మడుగు కట్టింది. అదే మత్స్యగుండం. పక్కనే 5,188 అడుగుల ఎండ్రిక కొండ ఉంది.

ఫ్రాన్సిస్ కాలానికి ఈ మడుగు నిండా మహాసీర్ చేపలుండేవి. చిన్నవీ పెద్దవీ కలిసి ఉండేవి. పెద్దవి మనుషుల చేతినుంచి ఆహారం తినేవి, వీపు నిమిరినా పారిపోయేవి కావు. కొండ ఏళ్లలో, బండల మధ్య, వేగంగా పారే చల్లని నీటిలో పెరిగే ఈ చేపలకు మనిషి అలికిడి మామూలుగా గిట్టదు. వందల ఏళ్లుగా ఎవరూ వల వెయ్యని చోట మాత్రం అవి ఇలా మచ్చికయ్యాయి.

వల వెయ్యకపోవడానికి ఒక కథ కాపలా ఉంది. ఎద్దుల మీద ఉప్పు, సరుకులు మోసుకుని కోస్తానుంచి కొండలకు తిరిగే బ్రింజారీ వర్తకుల్లో ఒకడు మడుగులోని చేపను పట్టి కూర వండుకున్నాడట. చేపలరాజు శపించాడు. ఆ వర్తకుడూ, అతని ఎద్దులూ బండలైపోయాయి. ఏటి ఒడ్డున ఉన్న రాళ్లు అవేనని చూపిస్తారు. కథలో శపించేది దేవుడు కాదు, చేపలరాజు. పక్కన శివుడి గుడి ఉన్నా మడుగు మీద అధికారం చేపలదేనని ఊరు ఒప్పుకుంది. ఈ సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది.

గుడిలో దేవుడు మత్స్యలింగేశ్వరుడు. శివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది. చేపలకు ఆహారం వేయడం ఆ రోజు పూజలో భాగం. గెజిటీరు నాటికి గుడి పూరిపాక. పూజారి భగత కులస్తుడు. ఈ చివరి వివరం ముఖ్యమైనది. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణభారత కులాలు, తెగల సంపుటాల్లో భగతలను మంచినీటి చేపలు పట్టేవారిగా, పొడవాటి ఈటెతో చేపను గుచ్చడంలో నేర్పరులుగా వర్ణించారు. దసరానాడు వారు చేపల బుట్టలకు పూజ చేసేవారని కూడా రాశారు. చేపను వేటాడే కులం నుంచే చేపను కాపాడే పూజారి వచ్చాడన్నమాట. మిగతా ఏరంతా ఈటెకు వదిలి ఒక్క మడుగును దేవుడికి వదిలేస్తే, చేపలు అక్కడ గుడ్లు పెట్టి, పెరిగి, ఏటినంతా నింపుతాయి. ఇది తెలిసే చేశారో లేదో చెప్పలేం గాని, ఫలితం మాత్రం నేటి అభయారణ్యాలు ఆశించేదే.

ఇంటిపేర్లు, గోత్రాలు

పాడేరు, అరకు ప్రాంతపు ఆదివాసుల్లో చాలా ఇంటిపేర్లు జంతువుల, పక్షుల, సూర్యుడి పేర్లతో ముడిపడి ఉన్నాయి. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. ఒకే ఇంటిపేరు గలవారు అన్నదమ్ముల కిందే లెక్క, వారిలో వారికి పెళ్లిళ్లు కుదరవు. ఈ వరుసలోకే వచ్చే చేప పేరు మత్స్యరాస. 1999లో పాడేరు నుంచి శాసనసభకు ఎన్నికై మంత్రి అయిన మత్స్యరాస మణికుమారి, 2024లో అదే స్థానం నుంచి గెలిచిన మత్స్యరాస విశ్వేశ్వరరాజు ఈ ఇంటిపేరువారే. వడ్డాది మత్స్యుల కోట ఆనవాలు వెతుక్కోవాలి గాని, మత్స్య అన్న పేరు మాత్రం ఎన్నికల బ్యాలెట్ మీద, బడి హాజరుపట్టీల్లో నిక్షేపంగా ఉంది.

మత్స్యగెడ్డ, మాచ్‌ఖండ్

మాచేరుకే మరో పేరు మత్స్యగెడ్డ. ఉత్తరాంధ్రలో చిన్న ఏటిని గెడ్డ అంటారు. మాడుగుల కొండల్లో పుట్టిన ఈ నీరు ఉత్తరానికి పారి ఒడిశా సరిహద్దు చేరేసరికి మాచ్‌ఖండ్ అవుతుంది. ఆ పేరుకు ముచుకుందుడనే పురాణరాజును చూపేవారూ ఉన్నారు. ఏరు పుట్టినచోట మాచేరు, మత్స్యగెడ్డ అన్న పేర్లు వాడుకలో ఉండగా చేపను వదిలి రాజును వెతకడం అనవసరమనిపిస్తుంది.

సరిహద్దు మీద ఈ ఏరు డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది. ఆ పతనాన్ని వాడుకుని, జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, నీటిని గొట్టాల్లోకి మళ్లించి కరెంటు తీసేదే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. 1955లో ఉత్పత్తి మొదలైంది. 17 మెగావాట్లవి మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండింటికీ ఇందులో వాటా ఉంది. అక్కడి నుంచి దిగువకు ఇదే నీరు సీలేరు అన్న పేరు పొంది, శబరిలో కలిసి, గోదావరికి చేరుతుంది. సీలేరు మీదా వరసగా విద్యుత్ కేంద్రాలే.

ఆనకట్ట వెనుక నిలిచిన నీరు ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లోకి పరుచుకుంది. పల్లపు భూములు మునిగి ఎత్తు మీది ఊళ్లు దీవులయ్యాయి. ఆ ఊళ్లవారు సంతకు, ఆసుపత్రికి, బడికి నాటుపడవ మీద మత్స్యగెడ్డ దాటాల్సి వచ్చింది. పడవలు తిరగబడి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. తమ నీటితో పుట్టిన కరెంటు మైదానంలో దశాబ్దాలుగా వెలుగుతుంటే, ఆ నీటి నడుమ బతికేవారికి ఒక వంతెన కోసం ఇన్నేళ్లు అడగాల్సి రావడం న్యాయం కాదు. మత్స్యగెడ్డ అన్న పేరు పత్రికల్లో కనబడేది ఎక్కువగా ఈ కష్టం గురించే.

అవతారాల వరుస

ఎలమంచిలి దగ్గర సముద్రంలోకి చేరే నదుల్లో ఒకటి వరాహ. ఏటికొప్పాక లక్కబొమ్మలవారి ఊరు దాని ఒడ్డునే ఉంది. ఎగువ కొండల్లో మత్స్యగుండం, దిగువన వరాహనది, విశాఖ దగ్గర వరాహనరసింహుడి సింహాచలం, శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం. దశావతారాల్లో మొదటి నాలుగూ ఈ కొద్దిపాటి నేలమీదే పేర్లుగా స్థిరపడ్డాయి. ఎవరో ఒకరు కూర్చుని ఇలా అమర్చారనడానికి ఆధారం లేదు. కాని యాత్రికుడు ఈ నాలుగింటినీ ఒకే ప్రయాణంలో చూడవచ్చు.

మత్స్యావతారానికే ప్రత్యేకించిన పెద్దగుడి మాత్రం రాష్ట్రానికి మరో కొసన ఉంది. తిరుపతి జిల్లా నాగలాపురంలోని వేదనారాయణస్వామి ఆలయంలో మూలమూర్తి మత్స్యరూపి. సోమకాసురుడు ఎత్తుకుపోయిన వేదాలను తెచ్చినవాడు కనుక వేదనారాయణుడు. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరిట ఈ ఊరిని, గుడిని నిలిపాడు. ఏటా మార్చిలో మూడు రోజులు సాయంకాలపు సూర్యకిరణాలు గోపురం దాటి వచ్చి స్వామి పాదాల మీద, నాభి మీద, శిరసు మీద వరసగా పడతాయి. దాన్నే సూర్యపూజగా జరుపుతారు.

తెలంగాణలో చేప కొండెక్కింది. యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ మీద మత్స్యగిరి లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. కొండమీది గుండంలో ఈదే చేపల తలల మీద నామాల గుర్తులుంటాయని భక్తులు చూపిస్తారు. కరీంనగర్ జిల్లా శంకరపట్నం మండలం కొత్తగట్టులో మత్స్యగిరీంద్రస్వామి గుట్ట ఉంది, అక్కడా జాతర జరుగుతుంది.

తీరం వెంట

మచిలీపట్నం పేరులో మచిలీ అంటే చేప అని అందరూ చెప్పే అర్థం. ఊరి ద్వారాన్ని పెద్దచేప కళ్లతో అలంకరించారన్న కథ కూడా ఉంది. అయితే గ్రీకు రచయితలు ఈ తీరాన్ని మసాలియా, మైసోలియా అన్నారు. క్రీస్తుశకం మొదటి రెండు శతాబ్దాల నాటి ఆ పేర్లలో చేప ఉందనడం కష్టం. పాత పేరేదో జనం నోట నలిగి, ఉర్దూ మాట్లాడే పాలకుల కాలంలో తెలిసిన మాటలోకి ఒదిగిందనుకోవడం సబబు. 1605 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకస్థావరాలు పెట్టారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఓడరేవు మళ్లీ పూర్వస్థితికి రాలేదు. కొబ్బరినారతో పలకలు కుట్టి చేసే కోరమాండల్ తీరపు మసూలా పడవకు ఈ ఊరిపేరే వచ్చిందని కొందరంటారు.

అచ్చతెలుగు చేప దొరికేది చిన్న ఊళ్లలో. భీమునిపట్నం దగ్గర చేపలుప్పాడ, విజయనగరం జిల్లా భోగాపురం మండలంలో చేపలకంచేరు ఉన్నాయి. అదే మండలంలో ఉత్త కంచేరు వేరే ఉంది. అలాగే ఉత్త ఉప్పాడ, పట్టుచీరలది, కాకినాడ దగ్గర ఉంది. ఒకే పేరున్న రెండు ఊళ్లలో వేటకు వెళ్లే ఊరిని గుర్తుపట్టడానికి ముందు చేపల అని చేర్చారు. ఈ పేర్లకు పురాణం అక్కర్లేదు. ఒడ్డున ఎండబెట్టిన నెత్తళ్ల వాసనే వాటి చరిత్ర. భీమవరం దగ్గర వీరవాసరం మండలంలో మత్స్యపురి ఉంది. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న ప్రాంతం కనుక ఆ పేరు ఇప్పుడు మరింత నప్పుతోంది.

ఎలమంచిలివారికి దగ్గరి వేటరేవు అచ్యుతాపురం మండలం పూడిమడక. అక్కడ వలలో పడేవాటి పేర్లు వేరు: వంజరం, సందువ, కానగంతలు, కవళ్లు, నెత్తళ్లు, టేకు, సొర. గోదావరికి వెళితే పులస, పండుగప్ప, బొమ్మిడాయి. తెలంగాణ కొరమీనును రాష్ట్రచేపగా ఎంచుకుంది. ఇంత వైవిధ్యం నోటిమీద ఉన్నా, ఊళ్లకూ వంశాలకూ ఎక్కింది చేప, మత్స్యం అన్న సాధారణ మాటలే. ఫలానా చేప అని తేల్చి చెప్పే ఊరిపేరు మనకు అరుదు. శాసనం రాయించినవాడు చేప పట్టేవాడు కాకపోవడమే కారణమనుకుంటాను. వలవేసేవాడికి అన్నీ చేపలు కావు, ప్రతిదీ ఒక పేరు. రాజుకు అన్నీ మత్స్యాలే.

గ్రంథాలు, ఆసనాలు, రాశి, మందు

అష్టాదశ పురాణాల్లో మత్స్యపురాణం ఒకటి. నాథసంప్రదాయపు ఆదిగురువుల్లో మత్స్యేంద్రనాథుడు ఒకడు. చేప కడుపులో ఉండి శివుడి ఉపదేశం విన్నాడని కథ. శ్రీశైలంతో సంబంధమున్న గౌరన 15వ శతాబ్దంలో నవనాథచరిత్రను తెలుగు ద్విపదలో రాశాడు. మత్స్యేంద్రనాథుడి పేరే మాయా మశ్చీంద్రగా తెలుగు తెరకెక్కింది. ఎన్.టి. రామారావు నటించిన చిత్రం 1975లో వచ్చింది. యోగాభ్యాసకులకు మత్స్యాసనం, అర్ధమత్స్యేంద్రాసనం తెలుసు. రెండోది ఆ గురువు పేరిటిదే. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు కొట్టింది మత్స్యయంత్రం.

ఆకాశంలో పన్నెండో రాశి మీనం. పూర్వాభాద్ర నాలుగోపాదం, ఉత్తరాభాద్ర, రేవతి నక్షత్రాలు దానిలోవి. చైత్రమాసానికి ముందు వచ్చే అమావాస్యనాడు సూర్యుడు మీనరాశిలో ఉంటాడు కనుక తెలుగువారి ఉగాది పుట్టేది చేపరాశిలోనే. వెంటనే మేషం. ఒక పనికి ముందువెనుకలాడేవాణ్ణి మీనమేషాలు లెక్కపెడుతున్నాడని అంటాం.

ఏటా మృగశిర కార్తె ప్రవేశించేనాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఉచితంగా ఇచ్చే చేపమందు కూడా ఈ జాబితాలోదే. చిన్న కొరమీను పిల్ల నోట్లో మందుముద్ద పెట్టి, బతికుండగానే మింగిస్తారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరే వేలమందికి నమ్మకం ఉంది. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. రోజూ వాడే మందులు మానకుండా వెళ్లడం మంచిది.

నీటికింద

విశాఖలో బీచ్‌రోడ్డు మీది అక్వేరియం పేరు మత్స్యదర్శిని. రేవును కాచే కొండ డాల్ఫిన్స్ నోస్. డాల్ఫిన్ చేప కాదు, పిల్లలకు పాలిచ్చే జంతువు. తిమింగలమూ అంతే.

ఏ చేపో తేల్చి చెప్పే పేర్లు కనిపించేది నౌకాదళంలో. భారతదేశపు మొదటి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న రీగాలో దళంలో చేరింది. ఆ తేదీనే ఇప్పుడు జలాంతర్గామి దినం. కల్వరి అంటే హిందూమహాసముద్రపు పులిసొర. విశాఖలోని వీరబాహు స్థావరం ఆ తొలితరం జలాంతర్గాములకు ఇల్లుగా ఉండేది. ఆ తరంలోదే కురుసుర: 1969 డిసెంబరులో చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రమించి, 2002 ఆగస్టు నుంచి రామకృష్ణా బీచిలో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల ఆ ఇనుపదేహంలో ఇరుకు దారుల వెంట నడిచే పిల్లలకు అందులో మనుషులు నెలల తరబడి ఎలా బతికారో అర్థమవుతుంది. పాత పేర్లను నౌకాదళం వదులుకోలేదు. కొత్త కల్వరి 2017లో, వాగీర్ 2023లో, వాగ్‌షీర్ 2025 జనవరి 15న దళంలో చేరాయి. వాగీర్ ఇసుకసొర, వాగ్‌షీర్ లోతునీటి వేటచేప.

విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున మరో చేపపేరు ఉంది. 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు అమెరికాది. 1964లో పాకిస్తాన్‌కు చేరకముందు దాని పేరు డయాబ్లో. అది టెంచ్ తరగతికి చెందినది. టెంచ్ అంటే బొచ్చెల కుటుంబానికి చెందిన ఒక ఐరోపా మంచినీటి చేప. అమెరికా నౌకాదళం ఆ కాలంలో జలాంతర్గాములకు ఎక్కువగా చేపల పేర్లే పెట్టేది.

యుద్ధానికి కాని ఒక లోతుసముద్రపు వాహనం పేరు మత్స్య 6000. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సముద్రయాన్ ప్రాజెక్టు కింద దీన్ని తయారుచేస్తోంది. ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లి తేవడం లక్ష్యం. వారు కూర్చునే గోళం లోపలి వ్యాసం 2.1 మీటర్లు. ఆ లోతులో నీటి ఒత్తిడి భూమ్మీది గాలి ఒత్తిడికి దాదాపు 600 రెట్లు కనుక గోళాన్ని టైటానియం మిశ్రమంతో చేస్తారు. మామూలుగా 12 గంటలు, ఆపదలో 96 గంటలు లోపల ప్రాణవాయువు సరిపోవాలి. 2025 ఫిబ్రవరిలో చెన్నై దగ్గరి కాట్టుపల్లి రేవులో, లోపల మనుషులతో, తక్కువ లోతులో దీన్ని ముంచి పరీక్షించారు.